నిధి, వాటా, మరమ్మతు – కోనసీమలో సర్కారు సొమ్ము నడిచిన దారి

తెలుగు పండితుడికి ఆర్థిక చరిత్రతో ఏం పని అని మిత్రులు కొందరు అడుగుతుంటారు. మాటల పుట్టుక వెదుకుతూ పోతే చరిత్ర దానంతట అదే ఎదురుపడుతుందని వారికి చెబుతుంటాను. ఈ టపాలో నేను పట్టుకున్న మాటలు మూడే మూడు. నిధి, వాటా, మరమ్మతు.

నిధి అంటే మన కావ్యాల్లో భూమిలో పాతిపెట్టిన ధనం. కుబేరుడి దగ్గర తొమ్మిది నిధులున్నాయి, సామాన్యుడికి దొరికితే అది పూర్వజన్మ సుకృతం. నేడు అదే మాటకు బహువచనం తగిలించి పత్రికల్లో వాడుతున్నాము. నిధులు మంజూరవుతాయి, విడుదలవుతాయి, దారి మళ్ళుతాయి. ఏడాది తిరిగేలోగా ఖర్చు పెట్టకపోతే "మురిగిపోతాయి". ఈ చివరి ప్రయోగం ఏ విలేఖరి సృష్టించాడో గాని సరస్వతీ కటాక్షం గలవాడే. మురుగుకూ నిధులకూ మా కోనసీమలో ఎంత చుట్టరికమో ముందు ముందు తెలుస్తుంది.

వాటా అంటే వివరణ అక్కర లేదు. మరమ్మతు మాత్రం అరబ్బీ నుంచి పారశీకం మీదుగా మనకు వచ్చిన మాట. ఈనాడు ఇంజనీర్ల శాఖ అంటున్నదాన్ని మన పెద్దలు "మరామత్తు శాఖ" అనేవారు. అంటే బాగుచేసే శాఖ. కొత్తగా కట్టడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే ముఖ్యమని ఆ పేరు పెట్టినవారికి తోచి ఉండాలి. గోదావరి పాయల మధ్యనున్న ఈ ముక్కోణపు నేలలోకి నూట ఎనభై ఏళ్ళుగా ప్రభుత్వ ధనం వస్తూనే ఉంది. నిధి అన్న మాట, వాటా అన్న మాట ప్రతి పథకంలోనూ వినిపిస్తాయి. మూడో మాటకే దిక్కులేదు. నేను చెప్పదలచినది ఇదే.

కథ కాటన్ దొరతో మొదలు పెట్టక తప్పదు. ఆయన పటానికి దండ వేసి నమస్కరించి ఊరుకుంటే చరిత్ర తెలియదు. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నాలుగోవంతు జనం లేకుండా పోయారన్నమాట. 1833 నాటి కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన, వాటికి తోడు శిస్తు వసూళ్ళ అరాచకం కారణాలు. కుంపిణీకి జనం పోయినందుకు ఎంత దుఃఖం కలిగిందో గాని, శిస్తు పోయినందుకు మాత్రం కలవరం కలిగింది. 1844లో సర్ హెన్రీ మాంట్గొమరీ జిల్లా దురవస్థపై నివేదిక ఇచ్చాడు. ఆ రోజుల్లోనే కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ప్రతిపాదించాడు. దయతో చేయండి అని అడిగితే సీమలోని దొరలు పైసా విదిల్చేవారు కారు. పెట్టిన రూపాయి శిస్తు రూపంలో ఎన్ని రెట్లై తిరిగి వస్తుందో లెక్క కట్టి చూపాడు. 1847లో పని మొదలై 1852కు పూర్తయింది. వీణెం వీరన్న వంటి మనవారి చెమట కూడా ఆ కట్టడంలో ఉంది.

మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర పుట్టి కోనసీమలోకి వస్తుంది. సుమారు రెండు లక్షల ఎకరాల ఆయకట్టు. అయితే రాజోలు వైపు భూములకు నీరు అందాలంటే వైనతేయ అడ్డు. నది మీదుగా కాలువనే దాటించారు. గన్నవరం ఆక్విడక్టుకు నలభయ్యేసి అడుగుల కమానులు నలభై తొమ్మిది. హేగ్ అనే యువ ఇంజనీరు పర్యవేక్షణలో నది పారని ఒక్క వేసవి రుతువులో నిర్మించారంటే నేటి మన కాంట్రాక్టులను తలచుకొని నిట్టూర్చవలసిందే. దాదాపు నూట యాభై ఏళ్ళు అది నీరు మోసింది. 2000లో దాని పక్కనే కట్టిన కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టడం నాకు ఎంతో తృప్తినిచ్చిన విషయం. ఆవిడ ఏ పథకమూ లేకుండా, ఏ నిధీ మంజూరు కాకుండా, లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికల్లా వండి వడ్డించిన ఇల్లాలు.

కాలువ వచ్చిన సంబరంలో ఒకటి మరుగున పడింది. దక్షిణాదిన "కుడిమరామత్తు" అని ఒక ఆచారం ఉండేది. కుడి అంటే అరవంలో కాపు, రైతు. ఏటా వేసవిలో ఊరివారే చెరువుల్లో, పిల్లకాలువల్లో పూడిక తీసి, గట్లు వేసుకొనేవారు. పని ఎవరిదని అడిగేవారు లేరు, నీరు ఎవరిదో పని వారిదే. ప్రభుత్వం పెద్ద కాలువలు తవ్వి, పెద్ద శిస్తు వసూలు చేస్తూ, అధికారమంతా తన చేతిలో పెట్టుకొన్నాక ఊరివారికి "ఇది సర్కారు వారిది" అన్న భావం బలపడింది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈ పనిని తప్పనిసరి చేస్తూ చట్టమే తెచ్చింది. ఆచారాన్ని చట్టంగా రాయవలసి వచ్చిందంటే ఆ ఆచారం కొన ఊపిరితో ఉన్నదని అర్థం చేసుకోవాలి.

ఇక స్వరాజ్య కాలానికి వద్దాం. 1946లో ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉండగా ఫిర్కా అభివృద్ధి పథకం ఆరంభమైంది. రాష్ట్రం మొత్తం మీద 34 ఫిర్కాలు. ఖద్దరు, గ్రామ పరిశ్రమలు, తాగునీటి బావులు, బాటలు... గాంధీగారి నిర్మాణ కార్యక్రమాన్ని ప్రభుత్వ ఖజానాతో నడపాలన్న తలంపు అది. దాని గురించి మనవారు రాసింది తక్కువ. తరువాత 1952 అక్టోబరు 2న కేంద్రం దేశవ్యాప్తంగా 55 సమాజాభివృద్ధి ప్రాజెక్టులు ప్రారంభించింది. అందులో ఒకటి మన జిల్లాదే, కాకినాడ – పెద్దాపురం ప్రాజెక్టు. అంటే గౌతమికి ఆవలి గట్టు. ఆ ఏడాది జనవరిలో అమెరికాతో కుదిరిన సాంకేతిక సహకార ఒప్పందం సొమ్ము, ఫోర్డ్ ఫౌండేషన్ వారి శిక్షణ ధనం ఈ యజ్ఞానికి సమిధలయ్యాయి. ప్రతి మంచి పనికీ గాంధీ జయంతినే ముహూర్తంగా పెట్టడం మన ప్రభుత్వాలకు అలవాటు. 1953లో జాతీయ విస్తరణ సేవ, 1959లో రాజస్థాన్‌లో పంచాయతీరాజ్, 2019లో మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు, అన్నీ ఆ తేదీనే. పంచాంగం చూసేవారికి పని తగ్గింది.

మనకు బ్లాకులు తరువాత వచ్చాయి. 1963 నాటికి దేశమంతా ఏదో ఒక బ్లాకు కింద ఉంది. 1958 నుంచి అమలైన లెక్క ప్రకారం మొదటి దశ బ్లాకుకు ఐదేళ్ళలో 12 లక్షలు, రెండవ దశకు మరో ఐదేళ్ళలో 5 లక్షలు. బ్లాకు అంటే సుమారు అరవై డెబ్బై వేల జనం. భాగించి చూడండి, మొదటి దశలోనే మనిషికి ఏడాదికి మూడున్నర రూపాయల పైచిల్లర! అందులోనే జీతాలు, జీపు, ఆఫీసు. మిగిలినదానితో గ్రామం రూపు మారాలి. మారదని ప్రభుత్వానికీ తెలుసు. అందుకే "ప్రజల వాటా" అన్నది వచ్చింది. బడి గది కట్టాలంటే సగం ఊరివారు పోగుచెయ్యాలి, బాట వెయ్యాలంటే మట్టిపని ఊరివారు చెయ్యాలి. దానికి "శ్రమదానం" అని చక్కని పేరు.

ఈ పేరు దగ్గర కాస్త ఆగుతాను. దానం అంటే తనకున్నదానిలోంచి ఇవ్వడం. ధాన్యమున్నవాడు ధాన్యం ఇస్తాడు, రెక్కలు తప్ప ఏమీ లేనివాడు ఆ రోజు కూలిని ఇస్తాడు. బాట పూర్తయ్యాక ఎడ్లబండి నడిచింది పొలమున్నవాడిది. బండి లేనివాడు ఆ బాట మీద కాలినడకనే పోయాడు, అంతకుముందు గట్టు మీద పోయినట్టే. దళితవాడలకు బాట వెయ్యడానికి చాలా ఊళ్ళలో ఇంకో తరం పట్టింది. కార్యక్రమ ఫలాలు ఎక్కువగా ఉన్నవారికే చేరాయని ఆనాటి మూల్యాంకన నివేదికలు కూడా చెప్పాయి. 1957 నవంబరులో బల్వంతరాయ్ మెహతా సంఘం తేల్చిన మాట మరీ ముఖ్యం. ప్రజల చొరవను మేల్కొల్పడంలోనే ఈ కార్యక్రమం అన్నిటికన్నా తక్కువ ఫలితమిచ్చిందని ఆ సంఘం అభిప్రాయపడింది. వాటా అడిగారు గాని, నిర్ణయంలో వాటా ఇవ్వలేదని నా వ్యాఖ్యానం.

అలాగని గ్రామసేవకుణ్ణి తక్కువ చెయ్యకూడదు. పదేసి గ్రామాలకు ఒక్కడు, సైకిలు మీద తిరిగేవాడు. జపాను పద్ధతి వరినాట్లు, కంపోస్టు గోతులు, పొగలేని పొయ్యి, పిచ్చివాడిలా ఇంటింటికీ చెప్పుకుంటూ పోయేవాడు. నా చిన్ననాట పెద్దలు "గ్రామసేవక్ గారు" అని గౌరవంగా అంటూనే, ఆయన వెళ్ళాక నవ్వుకొనేవారు. పదేళ్ళు గడిచేసరికి ఆయన చెప్పిన ఎరువే వేస్తూ, ఆయన చెప్పిన వరసల్లోనే నాటుతూ ఉన్నారు.

మెహతా సంఘం సిఫారసు మీద 1959లో మన రాష్ట్రం పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పాటు చేసింది. రాజస్థాన్ తరువాత మనమే. ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. మా వృత్తివారిలో "సమితి టీచరు" అన్న మాట అలా పుట్టింది. 1980ల మధ్యలో రామారావు గారి ప్రభుత్వం సమితుల స్థానే మండలాలు తెచ్చినా, పాత తరం వారు మండల పరిషత్తు కార్యాలయాన్ని సమితి ఆఫీసనే పిలుస్తూ వచ్చారు. జనం నాలుక మీద ప్రభుత్వ ఉత్తర్వు చెల్లదు.

నేను పనిచేసిన ఒక బడిలో గది గోడకు రాతిపలక ఉండేది. గది ఏ సంవత్సరంలో కట్టారు, ప్రభుత్వ వాటా ఎంత, గ్రామస్థుల వాటా ఎంత, ప్రారంభించినవారెవరు, అన్నీ చెక్కారు. చందా ఇచ్చినవారి పేర్లు వరసగా ఉన్నాయి. పిల్లలకు తలకట్టు, దీర్ఘం నేర్పడానికి ఆ పలకనే చూపించేవాణ్ణి, అంత చక్కని అక్షరాలు. ఆ పలక మీద పైకప్పు కారేది. కొత్త గదికి అర్జీ పెడితే దస్త్రం కదిలేది. కప్పు బాగుచేయించండి అంటే "దానికి పద్దు లేదు మాస్టారూ" అనేవారు. నాలుగైదు వానాకాలాలు మేమూ, పిల్లల తల్లిదండ్రులూ చందాలు వేసుకొని పెంకులు మార్పించాము. పద్దు లేకపోవడం! తెలుగులో ఇంతకన్నా నిస్సహాయమైన మాట నేనెరుగను.

బడి కప్పు చిన్న విషయం. అదే జబ్బు డెల్టా అంతటా చూడాలంటే మురుగు కాలువల గట్ల వెంట నడవాలి. కోనసీమకు నీరు రావడం ఎంత అవసరమో పోవడం అంతకంటె అవసరం. బల్లపరుపు నేల, మూడు వైపులా నది, ఒక వైపు సముద్రం. వానాకాలంలో ఎగువ నుంచి వరద, పైనుంచి వాన, కింద నుంచి పోటు. కౌశిక, కూనవరం, శంకరగుప్తం వంటి డ్రెయిన్లు తెరుచుకొని ఉంటేనే సార్వా చేను ఊపిరి పీల్చుకుంటుంది. మొగ దగ్గర ఇసుక మేట వేసినా, మధ్యలో గుర్రపుడెక్క కమ్మినా చేలు చెరువులవుతాయి. 1960లలో వరుస ముంపుల తరువాత డెల్టాల మురుగు సమస్యపై మిత్రా కమిటీని వేశారు. 1968లో కృష్ణా గోదావరి డెల్టా రైతులపై డ్రెయినేజి సెస్సు విధిస్తూ శాసనం వచ్చింది. కాలువ కోసం శిస్తు కట్టే రైతు మురుగు కోసం వేరే పన్ను కట్టాలన్నమాట. ఇందులో అన్యాయమేమీ లేదని నా అభిప్రాయం. తన నీరు పోవడానికి తాను కడతాడు. కాని ఒకసారి తవ్వాక మళ్ళీ మళ్ళీ పూడిక తీయడమన్నది ఏటేటా చెయ్యవలసిన పని. వంటిల్లు ఒకసారి కడిగి ఇక జన్మకు సరిపోయిందనుకునే ఇల్లాలు ఉంటుందా? పూడికతీతకు శంకుస్థాపన ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం అసలే ఉండదు. ఏ పెద్దమనిషి వస్తాడు?

వంతెనల కథ దీనికి పూర్తిగా విరుద్ధం. ఎదుర్లంకలో పుట్టిన గంటి మోహనచంద్ర బాలయోగి గారు 1987లో జిల్లా పరిషత్తు అధ్యక్షులై, 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళి, 1998లో స్పీకరు పీఠం ఎక్కారు. దళిత కుటుంబం నుంచి వచ్చి ఆ పదవి అలంకరించిన తొలివారు. పంటు మీద గౌతమి దాటి చదువుకున్నవారికి వంతెన విలువ పుస్తకాల్లో చదవనక్కర లేదు. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో ఆయన పోయారు. యానాం – ఎదుర్లంక వంతెన ఆ ఏడాదే ఆయన పేరుతో అందుబాటులోకి వచ్చింది. ఎంపీల నియోజకవర్గ నిధి పథకం 1993 డిసెంబరులో వచ్చినప్పుడు ఆ ఏడాదికి ఒక్కొక్కరికి 5 లక్షలు. మరుసటి ఏడు కోటి, 1998లో 2 కోట్లు, 2011లో 5 కోట్లు అయ్యింది. ఆ నిధితో కట్టిన సామాజిక భవనాలు కోనసీమలో అడుగడుగునా కనిపిస్తాయి. నియమాల ప్రకారం ఆ సొమ్ము శాశ్వతమైన ఆస్తులు కట్టడానికి. శాశ్వతంగా ఉంచే బాధ్యత ఎవరిదంటే మళ్ళీ పద్దు దగ్గరికి రావాలి.

రైలు ముచ్చట రెండు ముక్కల్లో చెబుతాను. 1928లో వచ్చిన కాకినాడ – కోటిపల్లి పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పీకేశారు. 2004లో మళ్ళీ వేశారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి మార్గం 2000-01 లోనే మంజూరైంది. ఇందులో రాష్ట్రం వాటా నాలుగోవంతు. ఆ వాటా అందుతూ ఆగుతూ రాగా గౌతమిలో స్తంభాలు లేచాయి, రైలు మాత్రం రాలేదు. పూర్వం వాటా ఊరిని అడిగేవారు, ఇప్పుడు రాష్ట్రాన్ని అడుగుతున్నారు.

ఇంతలో, మగవారు శంకుస్థాపనల్లో ఉండగా, ఆడవారు వేరే లెక్క ఒకటి మొదలుపెట్టారు. 1982లో వచ్చిన డ్వాక్రా పథకంలో పది పదిహేనుమంది స్త్రీల సంఘానికి మొదట 15 వేల రూపాయల మూలధనం, తరువాత 25 వేలు ఇచ్చేవారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తరువాత రోజుకు రూపాయి పొదుపు అన్నది రాష్ట్రమంతా పాకింది. 2000లో ప్రపంచబ్యాంకు సాయంతో ఆరు జిల్లాల్లో మొదలైన వెలుగు కొద్ది కాలంలోనే మిగిలిన జిల్లాలకు వచ్చింది. 2004లో పావలా వడ్డీ. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి, హామీలు పెరిగాయి. రుణమాఫీ మాటలతో వాయిదాలు తప్పిన రోజులూ ఉన్నాయి. అయినా ఈ సంఘాలు నిలిచాయి. ఎందుకు? ఇక్కడ వాటా ముందు వచ్చింది, నిధి తరువాత వచ్చింది. తమ రూపాయి తమ పుస్తకంలో రాసుకొని, నెలనెలా కూర్చొని, కట్టనిదాన్ని మొహమాటం లేకుండా అడిగారు. మా వీధిలో సంతకం రాక వేలిముద్ర వేసిన ఒకావిడ పదేళ్ళలో సంఘం లెక్కలు తానే రాసింది. ఆమె దస్తూరీ దిద్దిన పుణ్యం నాకు కొంత దక్కింది. కుడిమరామత్తు ఎక్కడైనా బతికి ఉంటే ఈ పుస్తకాల్లోనే ఉందేమో.

జన్మభూమి పేరిట 1997 జనవరి నుంచి జరిగిన విడతల్లోనూ ప్రజల వాటా ఉంది, శ్రమదానం ఉంది, కాకపోతే ఆ వాటాను చాలాచోట్ల కాంట్రాక్టరే కట్టేవాడన్న మాట ఊళ్ళలో బాహాటంగా చెప్పుకొనేవారు. అంతకంటే మెచ్చుకోదగ్గది అదే ఏడాది వచ్చిన సాగునీటి సంఘాల చట్టం. నీటితీరువాను దాదాపు మూడు రెట్లు పెంచి, అందులో కొంత భాగం రైతుల సంఘానికే తిరిగి ఇచ్చి, మీ కాలువ మీరే బాగుచేసుకోండి అన్నారు. మరమ్మతుకు పద్దు దొరికిన అరుదైన సందర్భం! కొన్నేళ్ళు పిల్లకాలువలు కళకళలాడాయి. తరువాత ఎన్నికలు జరగక, సొమ్ము సరిగ్గా తిరిగి రాక, సంఘాలు నీరసించాయి.

దాని ఫలితం 2011లో దేశమంతా విన్నది. పచ్చదనానికి మారుపేరైన కోనసీమలో రైతులు సార్వా వెయ్యం, పంట విరామం అన్నారు. గిట్టుబాటు ధర లేదు, కూలి పెరిగింది, చేలు మునుగుతున్నాయి, ఇవీ కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా గారి కమిటీ వేసింది. ఉపాధి హామీ వల్లనే కూలి పెరిగిందని రైతులు ఆనాడు గట్టిగా వాదించారు. ఈ విషయంలో నేను వారితో ఏకీభవించను. తరాల తరబడి శ్రమదానం చేసిన చేతులకు మొదటిసారి శ్రమకు ధర దొరికితే దాన్ని నేరమనరాదు. రైతు గోడులో నాకు నిజమనిపించినది ముంపు మాట. పూడిన డ్రెయిన్లు బాగుచేసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

ఉపాధి పథకం కూలీలు, పూడిన మురుగు కాలువలు ఒకే ఊళ్ళో పక్కపక్కనే ఉన్నాయి. ఒకరి అవసరం ఒకరికి కలిపే తెలివి పై నుంచి రావాలని ఎదురుచూడటమే విడ్డూరం.

ఈ మధ్య సంగతులు చూస్తే, ఆర్థిక సంఘాల పుణ్యమా అని పంచాయతీలకు నేరుగా సొమ్ము వస్తోంది. అయితే 2021-22 ప్రాంతంలో ఆ నిధులను విద్యుత్తు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయ్యింది, అమలాపురంలోనే కలెక్టరు గారున్నారు. 2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకు చాలాకాలం తరువాత ఎన్నికలు జరిగాయి. ఆ మరుసటి ఏడు కేశనపల్లి ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిను నుంచి ఎగదన్నిన ఉప్పునీటికి తలలు వాల్చిన కొబ్బరితోటలు చూడటానికి ఉప ముఖ్యమంత్రి స్వయంగా వచ్చారు. మనిషి ఎత్తు మొక్కను కాపుకు తెచ్చేసరికి ఆరేడేళ్ళు. మొండెమై నిలిచిన చెట్టుకు ఏ పద్దు కింద పరిహారం రాస్తారో ఆ లెక్కలు తెలిసినవారు చెప్పాలి.

ఆనాటి బ్లాకుల గురించి అంకెలు దొరుకుతున్నాయి గాని మనుషుల మాటలు దొరకడం లేదు. మీ మీ ఊళ్ళలో గ్రామసేవకుణ్ణి ఎరిగిన పెద్దలు తొంభైల్లో పడి ఉంటారు. వారు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. పాత బడి గోడల మీద వాటాలు చెక్కిన పలకలు కనిపిస్తే వాటినీ అక్షరం పోకుండా ఎత్తి రాయండి. గదులు పడగొట్టినప్పుడు ఆ రాళ్ళను బట్టలుతికే బండలుగా వాడుకోవడం నేను చూశాను.